కాలని చెయ్యి

శిడ్లఘట్టలోని చెన్నరాయప్ప ఫిలేచర్‌కు బయటివాళ్లు ఎవరొచ్చినా ఆయన ముందుగా చూపించేది యంత్రాలను కాదు, అక్కయమ్మ కుడిచేతిని. "ఇట్ల చూడండప్పా. ఇది మనిషి చెయ్యి కాదు, గంగమ్మ చెయ్యి" అనేవాడు.

ఫిలేచర్ అంటే పట్టుగూళ్లనుంచి దారం తీసే చోటు. పెద్ద ఫ్యాక్టరీ అనుకోకండి. రేకుల కప్పు కింద పది తొట్లు, తొట్టికొక పీట, పీటకొక ఆడమనిషి. తొట్లో నీళ్లు సలసలా కాగుతుంటాయి, వాటిలో పట్టుగూళ్లు ఉడుకుతుంటాయి. చీపురుకట్టలాంటిది ఆ నీళ్లలో తిప్పితే గూళ్ల పోగులు దానికి చిక్కుకొని పైకి వస్తాయి. కొసను వెతికేది కళ్లు. దాన్ని పట్టి లాగి, ఏడెనిమిది కొసలు కలిపి చరకాకు అందించేది చెయ్యి. ఆ చేతికి ఉండాల్సిన విద్య ఒక్కటే, వేడికి ఓర్చుకోవడం.

తక్కిన తొమ్మిదిమందికీ ఆ విద్య సగమే అబ్బింది. వాళ్ల వేళ్లు ఎప్పుడూ నాని, తెల్లబడి, సందుల్లో ఒరిసిపోయి ఉండేవి. మాటిమాటికీ పక్కనున్న చన్నీళ్ల చెంబులో చెయ్యి ముంచుకునేవాళ్లు. ముంచుకునేలోపల పోగు తెగేది. పోగు తెగితే చెన్నరాయప్ప వాళ్ల తాతముత్తాతలను లేపి మరీ తిట్టేవాడు. అక్కయమ్మకు చెంబు అక్కర్లేదు. పొద్దున తొట్లో పెట్టిన చెయ్యి మధ్యాహ్నం సంగటి ముద్ద దగ్గరే బయటికి తీసేది.

ఆ చేతిని చూసుకొని ఆమెకు ఒళ్లంతా పొగరే. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, సన్నగా, చింతబరికెలా ఉండేది. నోరు మాత్రం ఫిలేచర్ పొగగొట్టం కంటే పెద్దది. పక్క తొట్టి తిమ్మక్క ఎప్పుడైనా "అబ్బా, చెయ్యి మండిపోయిందే" అంటే చాలు, "మండితే ఇంటికి పోయి గాజులేసుకొని కూర్చో, పని చేసేవాళ్లకు అడ్డం యాల?" అనేది. తిమ్మక్క పళ్లు కొరుక్కొని ఊరుకునేది. అక్కయమ్మ అంటే అక్కడ ఎవరికీ పడేది కాదు, ఆమెకూ ఎవరూ పడేవాళ్లు కాదు.

పొగరు తప్ప ఆమె దగ్గర ఇంకేముంది కనుక! చింతామణి తాలూకాలో మూడెకరాల మెరక పొలం ఉన్న కాపు ఇంటి కోడలు ఆమె. నాలుగు బోర్లు వేస్తే నాలుగింట్లోనూ దుమ్మే వచ్చింది. మొగుడు రవీంద్ర పొలాన్ని బీడు పెట్టి పక్క జిల్లా టమోటా మండీలో టెంపో తోలుకుంటున్నాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. చెన్నరాయప్ప ఆమెకు దూరపు వరసలో మేనమామ. "మన పిల్ల కూలికి పోయేదేమి, మన ఫిలేచర్లోనే ఉండనీ" అని ఆయనే శిడ్లఘట్టకు పిలిపించి ఒక గది చూపించాడు. మన పిల్ల అన్నాడు గాని ఇచ్చేది మాత్రం కూలే.

ఆ ఫిలేచర్లో ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజ నాడు అన్ని చోట్లా యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి బూడిదగుమ్మడికాయ కొడతారు కదా, ఇక్కడ యంత్రాలతోపాటు అందరికంటే బాగా పట్టు తీసే చేతికీ పెట్టేవారు. వరసగా నాలుగేళ్లు ఆ పసుపు కుంకుమ అక్కయమ్మ చేతికే దక్కింది. చెన్నరాయప్ప అందరిముందూ ఆమె అరచెయ్యి పట్టుకొని, బొటనవేలితో బొట్టు పెట్టి, కర్పూరం తిప్పేవాడు. ఒక ఏడాది కర్పూరం సెగ వేలికి తగిలినా ఆమె చెయ్యి కదలలేదు. చూసినవాళ్లు చెంపలు వేసుకున్నారు.

ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, కాలని చెయ్యి మనిషికి ఎందుకుంటుందని అనుమానం రాలేదు.

మోచేతి కింద పావలాబిళ్ళంత తెల్లమచ్చ ఒకటి అప్పటికే ఉండేది. అది పెరిగి అరచెయ్యంత అయ్యాక రవీంద్ర ఆమెను మురుగమల్ల దర్గాకు తీసుకుపోయాడు. అక్కడ మూడు శుక్రవారాలు చక్కెర చదివించారు. తరువాత బజారులో ఒక డాక్టరు, పేరు అనవసరం, మచ్చను కుర్చీలోంచి లేవకుండానే చూసి తామర మందు రాసిచ్చాడు. ముట్టుకొని చూడలేదు. ముట్టుకొని ఉంటే, ముట్టుకున్నది ఆమెకు తెలియడం లేదన్న సంగతి ఆయనకు తెలిసి ఉండేది. ఆ మందు ఆమె ఏడాది పూసింది. చేతికి లేచిన బొబ్బలు నొప్పి తెలియకుండానే మానిపోయేవి. ఈలోగా చిటికెనవేలూ ఉంగరపువేలూ లోపలికి వంగడం మొదలుపెట్టాయి. "ఎన్నేళ్ల పని! వంగకుండా ఎట్లుంటాయి?" అని ఆమే సర్దిచెప్పుకుంది.

ఒకరోజు ఫిలేచర్ గేటు దగ్గరికి అంబిక వచ్చింది. ఆ వార్డులో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆమె. గులాబిరంగు చీర, చంకలో రిజిస్టరు, అరిగిపోయిన చెప్పులు. కుష్టు సర్వే అని చెప్పింది. చెన్నరాయప్ప గేటు సగం తెరిచి, "మా దగ్గర అట్లాంటి గలీజు రోగాలు యాడుంటాయమ్మా? పట్టు తీసే చోటు ఇది. పో పో" అని మూసేశాడు.

ఇందులో వింతేమీ లేదు. దేశంలో ఈ రోగం పీడ వదిలిందని పైవాళ్లు ఇరవై ఏళ్ల కిందటే చాటింపు వేసుకున్నారు. చాటింపు వేశాక వెతికేవాళ్లు తగ్గారు, తెలిసిన డాక్టర్లు తగ్గారు, రోగం మాత్రం ఒక్క గది ఇళ్లలో ఐదారుగురు పడుకునే చోట హాయిగా ఉండిపోయింది. ఏసీ గదుల్లో ఉండేవాళ్లకు ఇది అంత సులువుగా రాదు. అందుకే దీనిమీద ఎవరికీ తొందర లేదు.

అంబిక మొండిది. ఆదివారం నాడు అక్కయమ్మ ఇంటికే వచ్చింది. అక్కయమ్మ గడపలో నిలబడి, "నీకు పనీపాటా లేదా? మా ఇంట్లో కుష్టోళ్లు ఉండారని ఎవురు చెప్పినారే నీకు?" అని గొంతు పెంచింది.

"ఎవురూ చెప్పల్లేదు. నువ్వు పొయ్యిమీద సంగటి గిన్నెను ఉత్తచేత్తో దించుతాంటే కిటికీలోంచి చూసినా. నేను అట్ల దించితే నా చేతి తోలు గిన్నెకే అతుక్కుంటాది" అంది అంబిక.

"నా చెయ్యి గంగమ్మ చెయ్యి."

"అయితే గంగమ్మకే పరీక్ష పెడదాంలే. కూర్చో. కళ్లు మూసుకో. నేను యాడ ముట్టుకుంటే ఆడ వేలు పెట్టి చూపించు. తప్పు చూపించకుంటే ఇంగ నీ గడప తొక్కను."

ఆ పందెం అక్కయమ్మకు నచ్చింది. గడపమీదే కూర్చుని, చెయ్యి చాచి, కళ్లు గట్టిగా మూసుకుంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు, ఆగిపోయింది, మళ్లీ స్టార్టు చేశారు. అక్కయమ్మకు విసుగొచ్చింది.

"ఏమే, మొదలుపెట్టవా?"

"అయిపోయిందక్కా" అంది అంబిక.

అక్కయమ్మ కళ్లు తెరిచింది. మచ్చమీద పెన్నుతో పెట్టిన నీలిచుక్కలు ఐదు, చిటికెనవేలిమీద రెండు, బొటనవేలిమీద ఒకటి. ఎనిమిది చుక్కలనూ ఆమె ఒకటికి రెండుసార్లు చూసింది. తరువాత అంబికను చేతికందిన చీపురుతో కొట్టబోయింది. అంబిక నాలుగడుగులు వెనక్కి వేసి, చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చర్మం డాక్టరు ఏ రోజు ఉంటుందో అక్కడినుంచే అరిచి చెప్పి పోయింది.

మూడు వారాలు అక్కయమ్మ వెళ్లలేదు. నాలుగో వారం ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి బస్సెక్కింది. ఆస్పత్రిలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. ఆమె మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమింది. అది తాడులా లావెక్కి ఉంది.

"మొదట వేడి తెలియకుండా పోతుందమ్మా. తరువాత నొప్పి, ఆ తరువాత ముట్టుకుంటే కూడా తెలియదు. వేడి తెలియడం ఆగిపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

అక్కయమ్మ సంవత్సరాలు లెక్కపెట్టలేదు. "నాలుగు ఆయుధపూజలు" అంది. చేతికి పసుపు పెట్టింది దేనికో, కర్పూరం తిప్పింది దేనికో, జనం చెంపలేసుకున్నది దేనికో ఆ బల్ల ముందు కూర్చుని అర్థమైంది. నాలుగేళ్లుగా తాను మెడ ఎత్తుకొని తిరిగింది రోగాన్ని చూసుకొని. తిమ్మక్కను ఎన్నెన్ని మాటలన్నదో! సిగ్గుతో మొహం కాలిపోయింది. చెయ్యి కాలనిదానికి మొహమైనా కాలింది.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. చివరి రెండు వేళ్లు పాతబడిపోయాయి, వాటిమీద పెద్ద ఆశ లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వేడిని ముందే మరిచినా పూర్తిగా మొద్దుబారుతున్నది ఈ నాలుగైదు నెలల్లోనే కాబట్టి వాటిలో స్పర్శ, వేడి తిరిగి వచ్చే వీలుంది. ఏడాది మాత్రలు, నరానికి వేరే మందు, అన్నీ ఉచితమే. మందు మొదలుపెడితే ఎవరికీ అంటదు. కానీ ఆ చెయ్యి మళ్లీ వేడినీళ్లలో పడకూడదు. పడితే తెలియకుండానే పుండ్లు పడతాయి, పుండ్లు ఎముకదాకా పోతాయి, అప్పుడు ఆ మూడు వేళ్లూ దక్కవు.

మూడు వేళ్లుంటే ముద్ద తినొచ్చు, జడ వేసుకోవచ్చు, జాకెట్టు హుక్కు పెట్టుకోవచ్చు. లేకపోతే అన్నిటికీ ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు తనకు ఎవరున్నారని బస్సులో దారి పొడుగునా ఆలోచించింది. ఒక్క పేరూ తట్టలేదు.

మరునాడు చెన్నరాయప్ప దగ్గరికి పోయి, "మామా, నన్ను చుట్టే పనిలో వెయ్యి. తొట్టి దగ్గర ఇంగ కూర్చోను" అంది. ఆరిన పట్టును పెద్ద కండెలకు చుట్టే పనికి నీళ్లతో సంబంధం లేదు.

"యాల?"

"చెయ్యి నొప్పి."

చెన్నరాయప్ప నవ్వాడు. "నీ చేతికి నొప్పి యాడిదమ్మే?"

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. తెలియక నవ్వే నవ్వు కాదది. "నాకు కుష్టంట మామా. ఆస్పత్రిలో చెప్పినారు" అంది, గొంతు తగ్గించకుండా. ఆయన ఆమె రెక్క పట్టుకొని గూళ్ల బస్తాలు ఉండే గదిలోకి లాగి తలుపు మూశాడు.

"అరవొద్దు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసే. నీకు ముందర ఆ పీటమీద కూర్చునింది వెంకటలక్షమ్మ, బాగేపల్లి పక్కామె. ఆమెదీ ఇట్లాంటి చెయ్యే. వేళ్లు పొయ్యేదాకా నేను పని ఇచ్చినా. ఇంకెవుడిస్తాడు చెప్పు? నీకూ ఇస్తా. నువ్వు మాత్రలూ గీత్రలూ అని ఊరంతా చాటొద్దు. నోరు మూసుకొని పని చేసుకో."

దానం చేస్తున్నవాడి ముఖంతో చెప్పాడు. ఆ ముఖాన్ని తిట్టడానికి తెలుగులో ఉన్న మాటలు చాలవు, పక్కనున్న కన్నడంలోంచి తెచ్చుకున్నా చాలవు. తెలిసి పసుపు పెట్టాడు. తెలిసి కర్పూరం తిప్పాడు. సొంత వరస పిల్ల వేళ్లు ఒక్కొక్కటే వంగుతుంటే తెలిసి చూస్తూ కూర్చున్నాడు, పోగు తెగడం లేదు కదా అని.

అక్కయమ్మ తలుపు తోసుకొని బయటికి వచ్చింది. తొమ్మిది తొట్ల దగ్గరా వినబడేటట్టు తన రోగం పేరు చెప్పింది, వెంకటలక్షమ్మ పేరు చెప్పింది, ఆయనకు తెలుసని చెప్పింది. వాళ్లు ఆయన మీద తిరగబడతారని అనుకుందో ఏమో. తిమ్మక్క మొదట తన పీట ఇటునుంచి అటు లాక్కుంది. "ఇన్నాళ్లూ నా పక్కనే కూర్చొని నీళ్లు తాగితివి కదే, నీ చెయ్యి పడిపోనూ!" అంది. ఇంకొకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సాయంత్రానికి చెన్నరాయప్ప ఆ తొట్టిని ఫినాయిలుతో కడిగించి, రోగం దాచి పెట్టుకున్న మనిషిని తానే పట్టుకొని వెళ్లగొట్టానని వీధిలో చెప్పుకున్నాడు. అందరూ నమ్మారు. వెంకటలక్షమ్మ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారం రవీంద్ర ఇంటికి వస్తూ ఒక కొత్త ప్లేటు, గ్లాసు కొనుక్కొచ్చాడు. "డాక్టరు ఏమన్నా అననీ, నీవి పక్కన పెట్టుకుంటే మంచిది" అని నేల చూస్తూ చెప్పాడు. అక్కయమ్మ ఆ రోజు చారూ అన్నం ఆ కొత్త ప్లేటులోనే వడ్డించి ఆయన ముందు పెట్టింది. "బాగుండాది ప్లేటు. నువ్వే తిను" అంది. ఆయన తిన్నాడు. ఆ తరువాత ప్లేట్ల మాట రాలేదు గాని, మనిషి రావడం నెలకొకసారి అయింది.

శిడ్లఘట్టలో గది ఖాళీ చేసి ఆమె చింతామణి దగ్గరి మొగుడి ఊరికి పోయింది. పగలు చింతామణి టమోటా మండీలో పండ్లు ఏరే పని. నెలకొకసారి బస్సెక్కి మాత్రల కోసం పోయేది. మాత్రలకు ఒళ్లు నల్లబడింది, మూత్రం ఎర్రగా వచ్చింది. మండీలో ఎవరో "ఎండకా అక్కా?" అంటే "నీ కళ్లకు" అనేది. అంబిక అప్పుడప్పుడూ ఫోను చేసేది. ఒక నెల మాత్రలు ఆలస్యమైతే ఆ పిల్ల గంటసేపు తిట్టింది, అక్కయమ్మ గంటంబావు తిట్టింది. ఆమెతో అంతసేపు మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు.

మాత్రలు మొదలుపెట్టి తొమ్మిదో నెల వచ్చింది. బొటనవేలిలో ఏ మార్పూ లేదు. రోజూ పొద్దున్నే పుల్లతో గుచ్చుకొని చూసేది. ఏడుపు వచ్చేది కాదు, కోపమే వచ్చేది. డాక్టరమ్మమీద, అంబికమీద, నాలుగేళ్లు కర్పూరం చూసి మురిసిపోయిన తనమీద.

ఒకరోజు పొద్దున చెన్నరాయప్ప కారు దిగాడు. గడప దాటకుండా అరుగుమీద పైపంచ పరుచుకొని కూర్చున్నాడు.

"ఎట్లుండావమ్మా?"

"ఉండా."

"నువ్వు పోయినాక ముగ్గురిని మార్చినా. ఒక్కతి చెయ్యి నిలవదు. పట్టు నాసిగా ఉండాదని కొనేవాళ్లు వెనక్కి పంపిస్తాండారు." కొంచెం ముందుకు వంగాడు. "నీకు తగ్గినట్టే ఉండాది. ఎందుకింకా ఆ మాత్రలు? అవి మింగి మింగి చెయ్యి పాడు చేసుకుంటావేమో. ఆపేసి వచ్చెయ్. ఎవురేమన్నా నేను చూసుకుంటా. ఒక మూల వేరే తొట్టి వేయిస్తా."

ఆమె వంగిన తన వేళ్లకేసి చూసుకుంది. దాన్ని ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు. "ఇంత కాఫీ పొయ్, తాగుతా. నీ చేత్తోనే తాగుతా, చూడు. నాకు అట్లాంటి పట్టింపుల్లేవు" అన్నాడు గొప్పగా.

లోపల పొయ్యిమీద కాఫీ మరుగుతోంది. అక్కయమ్మ స్టీలు గ్లాసులోకి అంచుదాకా పోసింది. మొగుడికి ఏం చెప్పాలి, మండీలో ఈ కూలితో ఎన్నాళ్లు, వంగిన ఈ చేతికి రేపు ఇంకెవరు పనిస్తారు, ఆ మూల తొట్టి దగ్గరికే పోతే ఏం పోతుంది, ఎలాగూ వేలు బాగుపడడం లేదు కదా అని ఆలోచిస్తూనే ఎప్పటిలాగే గ్లాసును ఉత్తచేత్తో, మూడు వేళ్లతో పట్టుకొని బయలుదేరింది. గడప దాటింది. నాలుగో అడుగులో బొటనవేలు సుర్రుమంది.

గ్లాసు వదిలేసింది. కాఫీ అరుగుమీద చిమ్మి చెన్నరాయప్ప పంచెమీద పడింది. ఆయన ఎగిరి నిలబడ్డాడు, తిట్టబోయాడు. అంతలో ఆమె మొహం చూశాడు, ఆమె ఊదుకుంటున్న బొటనవేలు చూశాడు. ఎర్రగా కమిలి ఉంది. ఆయనకు అర్థమైంది. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది, వెంకటలక్షమ్మ వేళ్లు పోయిన రోజున కూడా అంత బాధపడి ఉండడు.

"అయ్యో... చెయ్యి పాడైపోయిందే!" అన్నాడు.

"అవు మామా, పాడైపోయింది. ఇంగ నీకు పనికిరాదు. లెయ్" అంది అక్కయమ్మ. ఆయన పైపంచ దులుపుకొని కారెక్కాడు.

కారు సందు తిరిగేదాకా ఆమె చూడలేదు. గ్లాసు ఏరుకొని లోపలికి పోయింది. గిన్నెలో మిగిలిన కాఫీ అందులో పోసింది. ఇందాక కాలింది నిజమో, భ్రమో. నమ్మకం చాలక, బొటనవేలు మళ్లీ గ్లాసుకు ఆనించింది.

మళ్లీ కాలింది.